కడపలో పొద్దుగూకినాక: ఏ వీధికి ఏ వేళ

ఉద్యోగం పనిమీదో, పెళ్ళికో, రిమ్స్‌లో ఉన్న బంధువును చూసేందుకో కడపకు వచ్చి రెండు మూడు రాత్రులు ఉండాల్సి వచ్చినవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటుంది: "ఈ ఊర్లో రాత్రిపూట ఏముంటుంది?" లాడ్జిలో స్నానం చేసి, కాసేపు టీవీ చూసి, పదిన్నరకు తీరుబడిగా ఏడురోడ్ల కూడలికి వచ్చి నిలబడితే నిజంగానే ఏమీ ఉండదు. టీ బంకు ఒకటి, నాలుగు ఆటోలు, వాటి కింద పడుకున్న కుక్కలు. అప్పటికే ఊరు తన సాయంత్రం ముగించుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటుంది. కడప సాయంత్రం ఒకేచోట జరగదు. అయిదున్నరకు చెరువు పక్కన మొదలై, ఏడుకు బజారుకు చేరి, ఎనిమిదికి పెనాల చుట్టూ మూగి, తొమ్మిదిన్నరకు సినిమా హాలు గేటు దగ్గర తేలుతుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలిస్తే సరిపోదు, ఎప్పుడు వెళ్ళాలో కూడా తెలియాలి.

దీనికంతా కారణం ఎండ. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. దక్షిణాన పాలకొండలు, ఊరినిండా బండరాళ్ళు, సిమెంటు. పగలంతా తాగిన వేడిని గోడలు రాత్రి ఎనిమిది దాకా కక్కుతూనే ఉంటాయి. అందుకే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా బజారు సగం నిద్రలో ఉంటుంది. అయిదవుతుంటే అంగళ్ళ ముందు నీళ్ళు చల్లడం మొదలవుతుంది, అదే ఊరు లేచిందనడానికి గుర్తు. నేను కింద చెప్పే వేళలన్నీ మామూలు రోజులవి. ఏప్రిల్, మే నెలల్లో ప్రతిదానికీ ముప్పావుగంట కలుపుకోండి. డిసెంబరు, జనవరిలో అరగంట తీసేయండి.

పబ్బులు, డీజేలు కావాలనుకునేవాళ్ళు రాత్రి బెంగళూరు బస్సెక్కడం మేలు. మద్యం దుకాణాలు పదింటికి మూస్తారు, ఆ చివరి అరగంటలో కౌంటరు దగ్గర తోపులాట ఉంటుంది. కుటుంబంతో ఉంటే ఆ సమయానికి ఆ వీధి కాకుండా ఇంకో వీధి పట్టుకోండి. ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

మొదట దేవుని కడప. తిరుమలకు తొలిగడప అని పేరున్న లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న పేట ఇది. ఊరి నడిబొడ్డు నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు. అయిదున్నరకల్లా అక్కడ ఉంటే రెండు పనులవుతాయి: వెలుతురు ఉండగానే చెరువు కట్టమీద నడక, దీపాలు పెట్టాక దర్శనం. ముందు దర్శనం చేసుకుని తర్వాత చెరువు చూద్దామనుకుంటే చీకటి పడి చెరువు కనిపించదు, దోమలు మాత్రం కనిపిస్తాయి. గుడిలో గర్భాలయం వెనకవైపు క్షేత్రపాలకుడిగా ఆంజనేయస్వామి ఉంటాడు, చాలామంది ముందునుంచి చూసి వెనక్కి తిరిగి వచ్చేస్తారు. ప్రదక్షిణలో ఆగి చూడండి. ఏడున్నర లోపు లోపలికి వెళ్ళేలా చూసుకుంటే మంచిది, ఆ తర్వాత రాత్రి సేవలు మొదలైతే ఎదురుచూపులు తప్పవు. ఉగాది నాడు ఇక్కడికి ముస్లిం కుటుంబాలు కూడా కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని వస్తాయి. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలు, రథసప్తమి నాడు తేరు. ఆ రోజుల్లో ఆటోలను చాలా ముందే ఆపేస్తారు, మిగిలిన దూరం నడకే. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు తేరు రోజు కాకుండా దాని ముందురోజు సాయంత్రం వెళ్ళడం తెలివైన పని.

ఏడుకు బజారు. వై.వి. స్ట్రీట్, బి.కె.ఎం. స్ట్రీట్ పేర్లు కడపలో ఎవరినడిగినా చెబుతారు. బట్టలు, బంగారం, స్టీలు సామాను, గాజులు. కొనకపోయినా చూసే సరదా ఉన్న వీధులు ఇవి. కాకపోతే బండి వేసుకుని లోపలికి పోవద్దు. సందు సన్నం, తోపుడు బండ్లు రెండువైపులా, ఎదురుగా ఇంకో ఆటో వచ్చిందంటే అందరూ హారన్ కొడతారు, ఎవరూ కదలరు. బండిని ఏడురోడ్ల దగ్గర్లో ఎక్కడైనా పెట్టి నడవడమే మార్గం. ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య వీధి బాగా వెలుగుతుంటుంది, అంగడివాళ్ళు కూడా బేరానికి ఓపికగా ఉంటారు. తొమ్మిదికి షట్టరు సగం దించి లెక్కలు చూసుకునే వేళ, అప్పుడు చీర మడత విప్పమంటే మొహం మాడుస్తారు. ఆదివారం చాలా అంగళ్ళు మూసి ఉంటాయి కనుక ఆ రోజు బజారు పెట్టుకోకండి.

ఇక అసలు విషయం, తిండి. కడప సాయంత్రానికి ప్రాణం కారం దోశ. దీన్ని పొద్దున తినేవాళ్ళూ ఉన్నారు, కానీ రాత్రి ఎనిమిదికి బండి దగ్గర నిలబడి, వేళ్ళు కాలుతుంటే తినేదే నా లెక్కలో కారం దోశ. ఏ బండి మంచిదని పేరు చెప్పను, బండ్లు మారుతుంటాయి, చేతులు మారుతుంటాయి. మంచి బండిని కనిపెట్టడం ఎలాగో చెబుతాను.

ముందు ఎర్రకారం గిన్నె చూడండి. ఎండుమిరపకాయలను వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, పిసరు చింతపండు వేసి కచ్చాపచ్చాగా రుబ్బినది అది. ఇంట్లో చేసుకోవాలంటే నలుగురికి పదిహేను మిరపకాయలు, రెండు మధ్యరకం ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు లెక్క. మెత్తగా, నీళ్ళు ఓడుతూ ఉంటే ఆ దోశ మెత్తబడుతుంది. గిన్నెలో కారం ముద్దగా నిలబడాలి, ఉల్లిపాయ పలుకు కంటికి కనబడాలి. పొద్దున రుబ్బి సాయంత్రం దాకా ఎండవేడిలో ఉంచిన కారం పుల్లవాసన కొడుతుంది, రంగు కూడా ఇటుకపొడిలా మారుతుంది. ఆ బండి వదిలేయండి.

తర్వాత పెనం. దోశ దోశకూ మధ్య నీళ్ళు చిలకరించి, సగం ఉల్లిపాయతో రుద్దేవాడు పని తెలిసినవాడు. ఆ నీళ్ళు శుభ్రం కోసం మాత్రమే కాదు, పెనం వేడి తగ్గించడానికి. బాగా కాగిన పెనం మీద పిండి పోస్తే గరిటె తిప్పేలోపే పట్టుకుని ముద్దలు కడుతుంది. కారం దోశను పేపరులా పల్చగా వేయరు, మధ్యలో కాస్త మందం ఉంటేనే కారాన్ని మోస్తుంది. అంచుల చుట్టూ నూనె వేశాక, పైన తడి ఆరుతూ ఇంకా జిగురుగా ఉన్నప్పుడు కారం పూయాలి. తొందరపడి పచ్చిపిండి మీదే పూస్తే పిండితో కలిసిపోయి ఉల్లి వెల్లుల్లి పచ్చిగానే ఉండిపోతాయి, రాత్రంతా తేన్పులు. పూర్తిగా ఆరాక పూస్తే అంటుకోదు, పొట్లం విప్పేసరికి కారమంతా కాగితానికి పోతుంది. పూశాక పైన పప్పుల పొడి: వేయించిన శనగపప్పు, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు కలిపి కొట్టింది. ఈ పొడి తేమ పీల్చి కారాన్ని దోశకు పట్టి ఉంచుతుంది, ఘాటును కూడా కాస్త అణుస్తుంది. దానిమీద నెయ్యో, వెన్నముద్దో. తిరగేయకుండా మడిచి ఇస్తారు, తిరగేస్తే కారం మాడి గొంతు పట్టేస్తుంది.

కొత్తవాళ్ళు "కారం తక్కువ వేయండి" అంటారు. తక్కువ వేస్తే కారం దోశ ఎందుకు? "పొడి ఎక్కువ, నెయ్యి ఎక్కువ" అనండి, అదే పని చేస్తుంది, రుచి చెడదు. గుడ్డు కొట్టి వేయించుకుంటే ఘాటు ఇంకా తగ్గుతుంది. చెనిక్కాయల (వేరుశనగ) చట్నీ ఇస్తారు, బొంబాయి చట్నీ కూడా దొరికితే పిల్లలకు అది బాగుంటుంది. చేతిలో నీళ్ళ సీసా ఉన్నా తాగకండి, మంట పెరుగుతుంది తప్ప తగ్గదు. ఒక ముద్ద పెరుగన్నమో, మజ్జిగో పని చేస్తాయి.

దోశ కోసం కాచుకున్నంతసేపు పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు, బొరుగుల మసాలా ఉంటాయి. ఉగ్గాని (బొరుగుల ఉప్మా) మాత్రం సాయంత్రం వెతక్కండి, అది పొద్దుటి సరుకు. ఎవరైనా రాత్రి ఎనిమిదికి ఉగ్గాని పెడితే అది ఏ పూటదో అడిగి తెలుసుకోండి. సంగటి, నాటుకోడి పులుసు కావాలంటే తొమ్మిది లోపు వెళ్ళాలి. సంగటి ముద్ద వేడిగా ఉన్నంతసేపే మెత్తగా జారుతుంది, చల్లారితే రాయి. తొమ్మిదిన్నరకు మిగిలిన సంగటిని ఆవిరి పట్టి మళ్ళీ వడ్డించే హోటళ్ళున్నాయి, వేలితో నొక్కితే పైన పొర చిట్లితే అది రెండోసారి వేడిచేసిందే.

ఎండాకాలంలో తాగడానికి సుగంధి. అడవి నుంచి వచ్చే నన్నారి వేళ్ళతో కాచిన పాకం అది. గ్లాసులో రెండు చెంచాల పాకం, సగం నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, మిగతాది సోడా. అసలు పాకం ముదురు గోధుమ రంగులో ఉండి మట్టివాసన లాంటి సువాసన ఇస్తుంది. ఎర్రగా మెరిసిపోతుంటే అందులో రంగు, ఎసెన్సు తప్ప వేరు లేదు. ఐసు గడ్డ ఎక్కడిదో తెలియని చోట చల్లని సోడా సీసా కొట్టించుకుని, ఐసు వద్దనడం మంచిది.

సినిమా సంగతి. సినిమా వ్యాపారంలో రాయలసీమకు ఇప్పటికీ 'సీడెడ్' అనే పేరు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన నాటి మాట, పోస్టర్లలో, వసూళ్ళ లెక్కల్లో బతికి ఉంది. పెద్ద హీరో సినిమా మొదటి మూడు రోజులు కడప హాల్లో డైలాగు వినబడదు. ఈలలు, కాగితాలు, అరుపులు, ఒక్కోసారి తెర ముందు డాన్సు. ఆ గోల కోసమే వెళ్ళేవాళ్ళు శుక్రవారం ఫస్ట్ షోకు వెళ్ళాలి. కథ అర్థం కావాలనుకునేవాళ్ళు సోమవారం నుంచి. కుటుంబంతో అయితే ఆరున్నర ప్రాంతపు ఫస్ట్ షోకే వెళ్ళండి, తొమ్మిదిన్నరకు బయటపడితే తిండి ఇంకా దొరుకుతుంది. సెకండ్ షోకు పోతే ముందే తినాలి, అది వదిలేసరికి పన్నెండు దాటుతుంది, ఊళ్ళో పెనాలన్నీ చల్లారి ఉంటాయి. బైకును స్టాండులో గోడవైపు పెట్టకండి. గోడవైపున్న బండి బయటికి రావాలంటే ముందున్న నాలుగు వరసలూ కదలాలి.

గురువారం సాయంత్రం కడపలో ఉంటే మిగతాదంతా పక్కనపెట్టి పెద్ద దర్గాకు వెళ్ళండి. అమీన్ పీర్ దర్గా అని రికార్డుల్లో ఉంటుంది, ఊళ్ళో మాత్రం అందరూ పెద్ద దర్గా అనే అంటారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా అక్కడ జనం కూర్చుని ఉంటారు. చెప్పులు బయట విడవాలి, మగవాళ్ళు టోపీయో చేతిరుమాలో తలమీద కప్పుకోవాలి, ఆడవాళ్ళు కొంగు. బయటి అంగళ్ళలో టోపీ దొరుకుతుంది కానీ జేబులో ఒక రుమాలు పెట్టుకుపోతే చాలు. పూలు, చాదర్ తీసుకోవడం మీ ఇష్టం, ఎవరూ బలవంతపెట్టరు. ఫొటోలు తీసే ముందు అక్కడున్నవాళ్ళను అడగండి.

ఉరుసు రోజులు వేరే లోకం. గంధం తెచ్చే రాత్రి ఫకీర్ల మేళా, డప్పులు, తర్వాత ఖవ్వాలీ తెల్లవారుజాము దాకా. ఉరుసులోనే జాతీయ ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం) జరుగుతుంది, 2024 నవంబరులో జరిగింది 80వది. ఎ.ఆర్. రెహమాన్ ఈ దర్గాకు ఏళ్ళుగా వస్తుంటారు, ఆయనకిచ్చిన మాట మీద ఆ ఏడు ముషాయిరాకు రామ్‌చరణ్ వచ్చారు. అలాంటి రాత్రి దర్గా చుట్టూ అరకిలోమీటరు మేర నడవడానికి కూడా చోటు చాలదు. ముషాయిరా వినడానికే వచ్చేవాళ్ళు సినిమావాళ్ళు వచ్చి వెళ్ళిపోయేదాకా ఓపిక పట్టాలి. జనం పలచబడ్డాక, అర్ధరాత్రి దాటాక కవులు అసలు ఊపందుకుంటారు. ఉర్దూ అంతగా రాకపోయినా భయం లేదు. గజల్ షేర్‌లో, అంటే రెండు పాదాల పద్యంలో, మొదటి పాదాన్ని కవి రెండుసార్లు చదువుతాడు, రెండో పాదం చివర పడే మాట జనానికి ముందే తెలిసిపోతుంది, అందరూ కలిసి అందుకుంటారు. రెండు షేర్లు వింటే మీరూ అందుకుంటారు. ఉరుసు హిజ్రీ నెలల లెక్కన వస్తుంది కాబట్టి మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. పోయిన ఏడు తేదీ చూసుకుని టికెట్ బుక్ చేసుకున్నవాళ్ళు ఖాళీ దర్గా చూసి వెళ్తారు.

రంజాన్ నెలలో పైన నేను చెప్పిన వేళలన్నీ తలకిందులవుతాయి. ఇఫ్తార్ వేళకు వీధులు ఖాళీ, తరావీ నమాజు ముగిశాక తొమ్మిదిన్నర పదింటికి బజారు మళ్ళీ కొత్తగా లేస్తుంది. చివరి పది రోజుల్లో బట్టల అంగళ్ళు, సేమ్యా, అత్తరు బండ్లు సహరీ (తెల్లవారుజాము భోజనం) దాకా. హలీం కావాలంటే మాత్రం ఇఫ్తార్‌కు ముందే అయిదున్నరకు వెళ్ళండి. గోధుమలు, పప్పులు, మాంసం గంటలకొద్దీ ఉడికించి కర్రతో మెదిపినప్పుడు అది గరిటెకు సాగాలి. పది తర్వాత అడుగున మిగిలినదాంట్లో నీళ్ళు పోసి పల్చన చేసి అమ్మడం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే, కడప మినహాయింపు కాదు.

పుస్తకాల మీద ప్రీతి ఉన్నవాళ్ళకు ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. సభ ఉంటేనే సాయంత్రం తెరిచి ఉంటుంది, ఆ రోజు పేపరు జిల్లా పేజీలో 'నేడు నగరంలో' చూసుకుని వెళ్ళాలి.

ఊరు దాటి వెళ్ళదగిన రాత్రులు రెండే. ఒకటి ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం. అన్నిచోట్లా శ్రీరామనవమి కల్యాణం పట్టపగలు జరిగితే ఇక్కడ పున్నమి వెలుగులో, రాత్రిపూట జరుగుతుంది, చంద్రుడికి రాముడిచ్చిన మాట అని స్థలపురాణం. కడప నుంచి పాతిక కిలోమీటర్లే కానీ ఆ రోజు ఆ పాతికకు రెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడుకల్లా చేరిపోయి చోటు పట్టుకోవాలి, తిరుగు ప్రయాణం అర్ధరాత్రి దాటాకే. చైత్రమాసం సాయంత్రాల్లో ఉన్నట్టుండి గాలివాన, వడగళ్ళు వస్తాయి. 2018లో కల్యాణం రోజే అలా వచ్చి పందిళ్ళు కూలి ప్రాణాలు పోయాయి. ఆకాశం నల్లబడితే రేకుల కింద, ఇనుప స్తంభాల పక్కన నిలబడకండి.

రెండోది ప్రొద్దుటూరు దసరా. అమ్మవారిశాలలో వాసవి కన్యకాపరమేశ్వరికి రోజుకొక అలంకారం, ఒక రోజు కరెన్సీ నోట్లతో. విజయదశమి రాత్రి తొట్టి మెరవణి అనే ఊరేగింపు. యాభై కిలోమీటర్లు దాటిన ప్రయాణం, కనుక ప్రొద్దుటూరులోనే గది చూసుకోవాలి. ఆ వారం గదుల అద్దె రెట్టింపవుతుంది, నెల ముందే మాట్లాడుకుంటే మామూలు అద్దెకు ఒప్పుకునేవాళ్ళు ఉంటారు.

చివరగా ఇంటికి చేరడం. షేర్ ఆటోలు తొమ్మిదిన్నర దాకా వరసగా తిరుగుతాయి, ఆ తర్వాత మనిషికింత అనే లెక్క పోయి ఆటోకింత అనే లెక్క వస్తుంది. ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి, "అందాజుగా ఇయ్యండి సార్" అన్నవాడి దగ్గర అసలు ఎక్కకండి. హాలు ముందు, బస్టాండు గేటు ముందు నిలబడిన ఆటో ఎప్పుడూ ఖరీదే, నూరు గజాలు నడిచి కూడలి దగ్గర ఎక్కితే తగ్గుతుంది. రాత్రి రైలు పట్టుకోవాల్సినవాళ్ళు కోటిరెడ్డి సర్కిల్ దాకా వస్తే చాలు, అక్కడి నుంచి స్టేషన్ రోడ్డు. రైలు ఆలస్యమైతే స్టేషన్ బయట టీ దొరుకుతుంది, తినడానికి మాత్రం బిస్కెట్టే. దోశ ముందే కట్టించుకోవాలనుకుంటే కారం దోశ వద్దు, పొట్లంలో అరగంటకే మెత్తబడుతుంది. ఉత్తి దోశలు కట్టించి, కారాన్ని వేరే కాగితంలో పెట్టించుకోండి.